గడ్డిపిట్ట బొమ్మ తీసిన రాజు

అనగా అనగా ఒక బీడు. ఊరు కాదర్రా, బీడే. నడుంలోతు గడ్డి. ఆ గడ్డిలో బొటనవేలంత పిట్ట. నాలుగు పరకలు దగ్గరికి లాగి, సాలెపురుగు దారంతో కుట్టి, సంచీలాగా గూడు కట్టుకుంది. లోపల మూడు పిల్లలు. ఊ కొట్టండి. కొట్టకపోతే చెప్పను, నాకేం పని లేదా?

ఆ దేశం రాజుకి ఫోటోలు తీసే పెట్టె ఒకటి దొరికింది. పులిని తీశాడు, ఏనుగుని తీశాడు, ఈ పిట్టని మాత్రం తీయలేకపోయాడు. అది ఒక కాలు ఈ పరక మీద, ఒక కాలు ఆ పరక మీద వేసి జిట్ జిట్ అంటుంది. పెట్టె ఎత్తితే దూరె, దించితే వచ్చె. ఎత్తితే దూరె, దించితే వచ్చె. మూడు రోజులు ఇదే ఆట. రాజుకి ఒళ్ళు మండింది. పిట్టకి సిగ్గు లేదన్నాడట. సిగ్గు లేనిదెవరికో మీరే చూడండి.

భటుల్ని పిలిచి, అడ్డమున్నదంతా తీసేయమన్నాడు. వాళ్ళకి బుర్రలుంటే కదా! కొడవళ్ళు పట్టి పరపరా కోశారు. గడ్డి పోయె, నీడ పోయె, కుట్టు ఊడె, గూడు విడె. ఈకలు రాని పిల్లలు మూడూ ఎండలో పడ్డాయి. రాజుకేమో సంబరం! ఇప్పుడు తల్లి రాక తప్పదు, బొమ్మ తీస్తానన్నాడు. ఛీ, తలుచుకుంటే ఇప్పటికీ పళ్ళు కొరకబుద్ధేస్తుంది నాకు.

తల్లి నోట్లో పురుగు పెట్టుకుని పైనే తిరుగుతోంది. పెట్టెని చూసి దిగదు. కింద పిల్లలు నోళ్ళు తెరుచుకునే ఉన్నాయి. ఊ కొడుతున్నారా?

అప్పుడొచ్చింది గొర్రెలకాపరి కోడలు ఈరమ్మ. రోజూ గొర్రెల్ని ఆ గూటి పక్కకి పోనీకుండా మళ్ళించే మనిషి. పమిట చాపి పిల్లలకి నీడ పట్టింది. తప్పుకో, బొమ్మ తీస్తున్నానన్నాడు రాజు.

"తీయండి దొరా, తీయడం మీకు బాగా వచ్చు. గడ్డి తీశారు, నీడ తీశారు, గూడు తీశారు. ఇంక మూడు ప్రాణాలున్నాయి. అవీ తీస్తే పనైపోతుంది!"

రాజు మొహం మాడింది. తల నరికిస్తానన్నాడు.

"నరికించండి. నేను పడితే వీటికి నీడ పోతుంది. ముందు గడ్డి నిలబెట్టండి, తరవాత నరకండి."

భటులు కొడవళ్ళు కింద పడేసి వెనక్కి జరిగారు. తల్లి దిగితేనే కదా బొమ్మ అనుకుని చివరికి రాజే వంగాడు. కోసిన పరక గుచ్చితే పడె, గుచ్చితే పడె. పట్టుదారంతో గూడు కుట్టబోతే పరక చీలె. అంత రాజూ బొటనవేలంత పిట్ట కుట్టిన కుట్టు కుట్టలేకపోయాడు! ఈరమ్మే గూటిని గడ్డి మోళ్ళకి తన తలవెంట్రుకతో ముడేసి, పిల్లల్ని లోపల పెట్టి, రాజుని దూరంగా బోర్లా పడుకోమంది. పడుకున్నాడు. తల్లి దిగింది. పురుగు పిల్ల నోట్లో పడింది. అది చూశాక రాజుకి నరికించే మాట నోట రాలేదు.

పది రోజులకి పిల్లలు ఎగిరాయి. అంత దూరం నుంచే రాజుకి బొమ్మా దక్కింది. పిట్టలు గుడ్లు పెట్టే నెలల్లో బీట్లో కొడవలి ఆడకూడదని దండోరా వేయించాడు. అందరూ సుఖంగా ఉన్నారు. ఈరమ్మ క్షమించింది. నేను క్షమించలేదు, క్షమించను కూడా. ఎవరి బొమ్మ తీయాలన్నా ముందు వాళ్ళ పిల్లలెక్కడున్నారో చూసుకోండి.

కథ కంచి దారి పట్టింది. మీరిక నోరు మూసుకుని దుప్పట్లో దూరండి.