ముందు మీరే, పంతులుగారూ!

భూమికి అట్టడుగున, సముద్రం గడ్డకట్టి తెల్లగా మెరిసే ఒక అఖాతంలో పెంగ్విన్ల ఊరొకటి ఉంది. ఊరంటే ఇళ్లూ వాకిళ్లూ ఉంటాయనుకోకండి. నల్లకోటూ తెల్లచొక్కా వేసుకుని, పొట్ట ముందుకు పెట్టుకుని గుంపుగా నిలబడి మాట్లాడుకుంటూ ఉంటారు చూడండి, అదే ఊరు. ఎవరిని చూసినా ఏదో సభకు ముఖ్య అతిథిగా వచ్చినట్టే ఉంటారు.

మర్యాదలో వాళ్లను మించినవాళ్లు లేరు. చేపల కోసం నీళ్లలోకి దూకాలనుకోండి. అందరూ మంచు అంచుదాకా వస్తారు, అక్కడ ఆగిపోతారు.

"ముందు మీరు కానివ్వండి."

"అబ్బే, పెద్దవారు మీరుండగా నేనా?"

"భలేవారే! మీ తర్వాతే మేము."

అసలు సంగతి నేను చెబుతాను వినండి. ఆ నీళ్లలో పెంగ్విన్లను వేటాడే చిరుతసీలు తిరుగుతుంటుంది. ముందు దూకినవాడు దాని నోట్లో పడతాడు. అదీ భయం. ఆ భయానికి మర్యాద అని పేరు పెట్టుకుని తరతరాలుగా బతికేస్తున్నారు. చివరికి తోపులాటలో ఎవడో ఒకడు జారి పడతాడు. వాడు ప్రాణాలతో పైకి తేలితే, "ఆహా, ఎంత ధైర్యవంతుడండీ!" అని మెచ్చుకుంటూ అందరూ దూకుతారు.

ఆ ఏడు ఎండలు ముందే ముదిరాయి. ఊళ్లో పిల్లలకు ఒంటిమీద ఇంకా బూడిదరంగు నూగే ఉంది. నీళ్లకు తడవని గట్టి ఈకలు రావడానికి ఇంకా కొంతకాలం పడుతుంది. ఈలోగా కాళ్లకింద మంచు పగిలిందో, నూగు తడిసి పిల్లలు రాళ్లలా మునిగిపోతారు. నిరుడు అలాగే అయింది. చుక్కమ్మ అనే తల్లిపెంగ్విన్ తన బిడ్డను కళ్లెదుటే పోగొట్టుకుంది. ఈ ఏడు పుట్టిన బుజ్జిని కాళ్లసందు నుంచి బయటికి అడుగుపెట్టనివ్వడం లేదు.

ఒకరోజు దగ్గర్లోని మంచుకన్నంలోంచి, చేపలతోనే సరిపెట్టుకునే బొద్దమ్మ అనే సీలు తల బయటపెట్టింది. నెత్తిమీద చిన్న పెట్టె, దానికో తీగ.

"ఏం వదినా, కొత్త నగా?" అంది చుక్కమ్మ.

"నగేమిటి నా మొహం! ఓడలో వచ్చిన శాస్త్రవేత్తలు జిగురుతో అంటించారు. నేను మునిగిన చోటల్లా నీళ్ల వెచ్చదనం, ఉప్పదనం కొలిచి, తల బయటపెట్టగానే ఆకాశంలో ఉపగ్రహానికి చెప్పేస్తుందట. బొచ్చు రాలే కాలానికి ఇదీ రాలిపోతుందిలే. అందాకా మొయ్యాలి, తప్పదు."

"ఇంతకీ ఏం చెబుతోందో?"

"దాని భాష నాకేం తెలుసు? నా ఒంటికి తెలిసింది చెబుతాను విను. అడుగున నీళ్లు బాగా వెచ్చబడ్డాయి వదినా. మీరు నిలబడ్డ మంచును కిందినుంచి తినేస్తున్నాయి. నా ఈ కన్నం మొన్నటిదాకా పళ్లతో గీకి గీకి తెరిచేదాన్ని. ఇప్పుడు గీకే పనే లేదు. పిల్లలను తీసుకుని ఆ వెనకాల పాతమంచు గట్టెక్కండి. అది నేలను ఆనుకుని ఉంది, కదలదు."

చుక్కమ్మ బుజ్జిని తోసుకుంటూ ఊరిపెద్ద పొట్టయ్య దగ్గరికి పరుగెత్తింది.

పొట్టయ్య అంతా విన్నాడు. తల పంకించాడు. "నిజమేనమ్మా, గట్టెక్కాల్సిందే. మరి ముందెవరు వెళ్తారు?"

"మీరే కదా పెద్దయ్యా!"

"ఛ ఛ, ఊరంతా ఉండగా నేను ముందు నడిస్తే ఏం బాగుంటుంది?"

ఊరంతా అదే మాట. అందరూ వెళ్దామనేవాళ్లే, కాలు కదిపేవాడు ఒక్కడూ లేడు. సరిగ్గా అప్పుడు దిగాడు కొక్కెం పంతులు.

ఈయన స్కువా పక్షి. గోధుమరంగు ఒళ్లు, కొక్కెంలా వంగిన ముక్కు. దొంగిలించిన గుడ్లు, చచ్చిన పిల్లలు ఆయనకు ఇష్టమైన భోజనం. కానీ నాలుగు సముద్రాలు తిరిగొచ్చినవాడు, మాటకారి. అందుకని ఊళ్లో అందరూ పంతులుగారనే పిలుస్తారు. ఊరి పక్కనే, అఖాతం మధ్యలో ఒక మంచుకొండ అడుగు సముద్రపు నేలకు తగిలి ఇరుక్కుపోయి ఉంది. పంతులు దాని కొసన వాలి గొంతు సవరించుకున్నాడు.

"ఏమిటయ్యా ఈ గోల?"

పొట్టయ్య విషయం చెప్పాడు.

"ఓస్, ఇంతేనా! ఒక సీలు ఒళ్లు వెచ్చగా ఉందంటే సముద్రం వెచ్చబడినట్టేనా? దాని కొవ్వు చూశారా? అలా కొవ్వు పట్టినవాళ్లకు ఎక్కడైనా ఉక్కపోతే! మంచు పగులుతుంది, నేను కాదనను. కానీ ఎప్పుడు? ఎక్కడ? ఎంత? ఇవన్నీ తేలకుండా పసిపిల్లలను ఆ గట్టు మీది చలిగాలికి చంపుతారా? ముందు బాగా పరిశోధన జరగాలి. దానికో సంఘం వెయ్యాలి."

ఊరి ప్రాణం లేచొచ్చింది. సంఘమంటే ముందు ఎవరూ నడవక్కర్లేదు, అందరూ కూర్చుంటే చాలు!

"అధ్యక్షులుగా మీరే ఉండాలి పంతులుగారూ!" అన్నాడు పొట్టయ్య.

"నాకెందుకయ్యా ఈ బరువు... సరే, మీరింతగా అడుగుతున్నారు కాబట్టి," అన్నాడు పంతులు. ఆయన్ను ఎవరూ రెండోసారి అడగలేదు.

ఆ పూటే పంతులు ఎగిరి, ఊరికి అంచున కొత్తగా విచ్చుకున్న పగులుకు అవతల, రాతి మీద పేరుకున్న ఎత్తైన మంచుదిబ్బ మీద వాలాడు. కింద నల్లటి నీళ్లలో పొడుగాటి తల ఒకటి తేలింది. ఒళ్లంతా మచ్చలు, నోటినిండా పళ్లు. దాన్ని మచ్చల దొర అంటారు. నేను చెప్పిన చిరుతసీలు ఈయనే.

"ఏం పంతులూ, ఎన్నాళ్లిలా పస్తుండాలి?" అన్నాడు దొర.

"ఓపిక పట్టండి దొరా. సంఘం వేయించాను. మంచు విరిగేదాకా ఒక్కరూ కదలరు. పెద్దవాళ్లు మీకు, నీళ్లు మింగి తేలిన పిల్లలు నాకు. అదే కదా మన ఒప్పందం?"

"అదే. ఈ పగులు దగ్గరే ఉంటాను. అంచున ఏ నీడ కదిలినా వదలను. కింద నుంచి చూస్తే నాకు మొహాలు కనబడవు, చెబుతున్నా."

"మొహాలతో మీకేం పని దొరా, వచ్చేవి పెంగ్విన్లే కదా!" అని పంతులు నవ్వుకుంటూ ఎగిరిపోయాడు.

ఇక చూడండి సంఘం వైభవం! రోజూ సమావేశమే. ప్రతిసారీ చివర, ప్రస్తుతానికి మంచు గట్టిగానే ఉందని పంతులు తేల్చడమే. మంచు అనే మాటకు అర్థం ఏమిటని ఒక రోజు చర్చ. పగులును పగులు అనాలా, గీత అనాలా అని ఇంకో రోజు. ఆ రోజు గీత అనే తీర్మానించారు, వినడానికి భయంగా ఉండదని. చర్చ జరుగుతుండగానే ఆ గీత ఊళ్లోకి ఇంకాస్త జరిగింది. దాని పక్కనున్నవాళ్లు మర్యాదగా ఇవతలికి జరిగి చర్చ కొనసాగించారు.

చుక్కమ్మ ఒక్కతీ ఊరుకోలేదు. "మంచు కింద చప్పుళ్లవుతున్నాయి పంతులుగారూ! నా బిడ్డ పడుకుంటే వాడి పొట్టకు వినబడుతున్నాయి!"

"నీ బాధ నాకు తెలుసమ్మా," అన్నాడు పంతులు, మంచుకొండ మీదనుంచే. "నిరుడు బిడ్డ పోయింది కదా, అప్పటి నుంచి అన్నీ చప్పుళ్లలాగే వినబడతాయి. పాపం, ఎవరైనా ఈమెను కాస్త ఓదార్చండయ్యా."

నలుగురూ వచ్చి ఓదార్చారు. చుక్కమ్మకు ఒళ్లు మండిపోయింది. బిడ్డ పోయిందని ఏడిస్తే జాలిపడతారు, ఇంకో బిడ్డ పోకూడదంటే పిచ్చిదంటారు! కళ్లనీళ్లు ఆపుకుంటూ బొద్దమ్మ కన్నం దగ్గరికి వెళ్లి కూలబడింది.

"నా మాట ఎవరూ వినరు వదినా. నేనొక్కదాన్నే పోదామంటే, ఒంటరి పిల్లను గట్టు మీద చలి మింగేస్తుంది. అందరూ ఒకరినొకరు ఆనుకుని నిలబడితేనే మా పిల్లలు బతికేది. ఊరు కదలాలి, ఏం చెయ్యను?"

"నాకింకో సంగతి అంతుపట్టడం లేదే," అంది బొద్దమ్మ. "ఆ మచ్చల దొర పగులు దగ్గరే మకాం వేశాడు. ఆకలికి డొక్కలు ఎండిపోతున్నా వేటకు పోడు. ఎవరో విందుకు పిలిచినట్టు ఒకటే ఎదురుచూపు."

చుక్కమ్మ తలెత్తి చూసింది. దూరంగా మంచుకొండ కొసన పంతులు ఉపన్యసిస్తున్నాడు. వెళ్లేటప్పుడు ఎగిరి మంచుదిబ్బ మీద వాలాడు. అక్కడి నుంచి మళ్లీ కొండ మీదికి. ఆమె ఆ రోజంతా వేరే పని పెట్టుకోలేదు, పంతులు కాళ్లనే చూస్తూ కూర్చుంది. మంచు గట్టిగా ఉందని రోజూ చెబుతున్న పెద్దమనిషి, ఊరు నిలబడ్డ ఆ మంచు మీద ఒక్కసారీ కాలు మోపలేదు!

మర్నాడు సమావేశం మొదలవగానే చుక్కమ్మ ముందుకొచ్చి వంగి దండం పెట్టింది.

"తప్పయిపోయింది పంతులుగారూ. మీ అంతటి పండితులను అనుమానించాను. ఇక నోరెత్తను."

"మంచిదమ్మా, ఇప్పటికైనా తెలిసింది," అన్నాడు పంతులు, ఉబ్బిపోతూ.

"ఒక్కటే కోరిక. మంచు గట్టిదని మీ పరిశోధనలో తేలింది కదా. ఆ గీత అంచున నిలబడి ఆ ముక్క ఒక్కసారి చెప్పండి. మా ఊరి ఆచారం మీకు తెలియనిది కాదు, ముందు ఒకరు అడుగుపెట్టందే మాకు ఏ పనీ సాగదు. మీరు అడుగుపెట్టారంటే మేం బతికినంతకాలం ఇక్కడి నుంచి కదలం."

పంతులు ఒక అడుగు వెనక్కి వేశాడు. "నేనెందుకమ్మా... పొట్టయ్యగారు పెద్దవారు..."

"అయ్యయ్యో, అధ్యక్షులు మీరుండగా నేనా?" అన్నాడు పొట్టయ్య. ఆయన మర్యాదకు ఏ వంకా పెట్టలేం.

"ముందు మీరే, పంతులుగారూ!" అంది ఊరంతా ఒక్క గొంతుతో. అలాంటి మాట అనడంలో వాళ్లకు జన్మంతా అనుభవం.

పంతులు ఆలోచించాడు. కాదంటే ఇన్నాళ్ల పరువూ పోతుంది, విందూ పోతుంది. అయినా రెక్కలున్నవాడికి మంచు విరిగితే మాత్రం ఏం నష్టం? దొర ఎలాగూ మనవాడే. రెక్కలు సర్దుకుని వచ్చి పగులు అంచున దిగాడు. దిగి, ఒక్క ముక్క చెప్పి లేచిపోతే సరిపోయేది. ఎదురుగా ఊరంతా చెవులప్పగించి నిలబడి ఉంటే పంతులుకు ఒక్క ముక్క ఎక్కడ సరిపోతుంది?

"ప్రియమైన పెంగ్విన్ సోదరసోదరీమణులారా!" అని అందుకున్నాడు. "నేడు నేను నిలబడిన ఈ మంచు ఉందే, ఇది సామాన్యమైన మంచు కాదు..."

అటూ ఇటూ పచార్లు చేస్తూ రెక్కలూపుతున్నాడు. నీళ్ల మీద నీడ అటూ ఇటూ ఆడింది. కింద నుంచి చూసేవాడికి మొహాలు కనబడవు కదా!

భళ్లున నీళ్లు లేచాయి. అంచు పటపటా విరిగింది. పంతులు తోక దొర నోట్లో ఉంది.

"దొరా! నేను! నేను దొరా, పంతుల్ని! పెద్దవాళ్లు మీకు, పిల్లలు నాకు అనుకున్నాం కదా! నన్ను పట్టుకుంటారేమిటి దొరా!"

ఆ కేకలో ఒక్క అక్షరం కూడా ఎవరికీ వినబడకుండా పోలేదు. తోక ఈకలన్నీ ఊడి దొర పళ్లసందున మిగిలాయి. పంతులు కిందామీదా పడి ఎలాగో ఎగిరి మంచుకొండ మీద పడ్డాడు. దొర ఈకలు ఉమ్మేసి, "చీ, రుచీ పచీ లేదు," అని మునిగిపోయాడు.

పొట్టయ్య రెక్కలు టపటపలాడించాడు. "ఎంత దగా! పదండి, వెంటనే గట్టెక్కుదాం."

"పదండి పదండి," అన్నారందరూ.

"మరి ముందెవరు?" అన్నాడు పొట్టయ్య.

కాళ్లకింద మంచు ఒక్కసారి అదిరింది. చుక్కమ్మకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి.

"మీ మర్యాద తగలెయ్య! నిరుడు కూడా ఇలాగే ముందెవరు ముందెవరు అంటుంటే నా బిడ్డ పోయింది. అందరితోపాటు నేనూ అన్నాను ఆ మాట. ఇక అనను!" అంటూ బుజ్జిని ముందు పెట్టుకుని గట్టువైపు నడక సాగించింది.

ఒకరు నడిచారు కదా, ఇంకేం! పిల్లలను తోసుకుంటూ ఊరంతా వెనకే బయల్దేరింది. గట్టు మీద చలిగాలి కోసేస్తోంది. పిల్లలందరినీ మధ్యలో పెట్టి పెద్దవాళ్లు చుట్టూ దడి కట్టినట్టు నిలబడ్డారు. చివరి పిల్ల ఎక్కిందో లేదో, కింద సంఘం రోజూ కూర్చున్న చోటు ముక్కలు ముక్కలై సముద్రంలోకి సాగిపోయింది. బుజ్జి తల్లి కాళ్లసందులోంచి తల బయటపెట్టి చూశాడు. చుక్కమ్మ వాడి తల మళ్లీ లోపలికి నొక్కింది.

కొన్నాళ్లకు బొద్దమ్మ వచ్చి, ఓడ దగ్గర విన్న కబురు చెప్పింది. తన నెత్తిమీది పెట్టె పంపిన లెక్కలు చూసి శాస్త్రవేత్తలు ఆ మంచు నిలవదని ఎప్పుడో తేల్చేశారట. ప్రపంచమంతా ఆ సంగతి తెలుసునట, దాని మీద నిలబడ్డవాళ్లకు తప్ప.

"మేం ఎలా గట్టెక్కామో ఆ పెట్టె చెప్పిందా?" అని అడిగాడు పొట్టయ్య. "ముందుచూపుతో నేనే నడిపించానని చెప్పమను."

ఇక కొక్కెం పంతులు. తోక లేకపోవడంతో గాలిలో మలుపు తిరగలేక ఆ మంచుకొండ మీదే ఉండిపోయాడు. చుట్టూ మంచు పోయి, అడుగూ కరిగాక అదీ కదిలి, ఆయనతో సహా సముద్రంలోకి బయల్దేరింది. వెళ్తూ వెళ్తూ గట్టువైపు తిరిగి అరిచాడు: "మంచు పగులుతుందని మొదటి రోజే అన్నాను! అన్నానా లేదా?"

గట్టు మీద నుంచి పెంగ్విన్లు ఎంతో మర్యాదగా తలలు వంచారు. "ముందు మీరు వెళ్లిరండి, పంతులుగారూ!"

నీతి: ఏం ఫర్వాలేదని ఎవరైనా చెబితే, ఆ మాట సరే, చెప్పేవాడు ఎక్కడ నిలబడి చెబుతున్నాడో చూసుకోవాలి.