వరాలు తవ్విన దొడ్డిదారి

వరికోతలై మనుషుల సందడి తగ్గగానే పొలంలో ఎలుకల సందడి మొదలవుతుంది. గట్టు కింద వాళ్లకో పేటే ఉంది. ఆ పేటలో నూకాలమ్మ అనే ముసలి ఎలుక నోటికి పందికొక్కులు సైతం పక్కకు తప్పుకునేవి. నోరెంతో పనితనమూ అంతే. ఆవిడ తవ్విన కన్నంలో వరి వెన్నులు దాచే గది మెరక మీద ఉండేది, ఎంత వానొచ్చినా గింజ తడిసేది కాదు. ఇక ఆవిడ దొడ్డిదారి చూసి తీరాల్సిందే. లోపల్నుంచి పైకి తవ్వుకుంటూ వెళ్లి, నేల ఇంకో అప్పడమంత మందం ఉందనగా ఆపేసేది. ఆ పెచ్చు అడ్డుండి పైన తిరిగేవాళ్లకి ఏమీ కనబడదు. ఆపదొస్తే తలతో ఒక్క పోటు పొడిచి బయటపడొచ్చు.

అంతటి నూకాలమ్మకి ఇప్పుడు ఒళ్లు మండిపోతోంది. మనవరాలు వరాలు, మొగుడు సింహాచలంతో కలిసి నక్క తవ్విచ్చిన రెడీమేడ్ కన్నంలో కాపురం పెట్టింది. పురుడు కూడా అక్కడే పోసుకుంది. ఒక మధ్యాహ్నం ఇక ఉండబట్టలేక ముసలమ్మ బయల్దేరింది.

"ఎలుకకి నక్క ఇల్లు కట్టివ్వడమేమిటే! నీ బుర్రలో గుజ్జుందా, ఊకుందా?"

"మెల్లిగా అమ్మమ్మా, పిల్లలు పడుకున్నారు," అంది వరాలు.

సింహాచలం వినయంగా ముందుకొచ్చాడు. "అమ్మమ్మగారూ, నక్కగారు మారిపోయారండీ. మాంసం మానేశారట. గోళ్లు ఊరికే ఉన్నాయి కదా, నలుగురికీ ఉపయోగపడదామని తవ్విపెడుతున్నారు."

"నక్క మాంసం మానేసిందా! ముందు నువ్వా పేరు మార్చుకో నాయనా. సింహాచలమట, సింహాచలం!"

ఇల్లంతా కలియదిరిగింది. గదులు నున్నగా, విశాలంగానే ఉన్నాయి. గుమ్మం మాత్రం ఒక్కటే.

"దొడ్డిదారేదే?"

"లేదు."

"తవ్వుకోవాలని తెలీదూ?"

"తెలుసు. ఎలా తవ్వాలో తెలీదు. నువ్వు నేర్పావా?"

నూకాలమ్మకి పాత రోజులు గుర్తొచ్చాయి. 'నేనూ తవ్వుతానే' అని చిన్నప్పుడు ఈ పిల్ల ఎన్నిసార్లు తోక పట్టుకుని వెంటబడిందో! 'అవతలికి పో, పెచ్చు ఊడగొడతావ్! నేను చేసుకుంటే చిటికెలో అయిపోతుంది' అని ప్రతిసారీ తరిమేసింది.

"అడిగినప్పుడు తరిమావు, ఇప్పుడొచ్చి రాలేదని తిడుతున్నావు. మీ పెద్దవాళ్లతో వేగలేక చస్తున్నాం," అంది వరాలు.

అంతలో గుమ్మం దగ్గర నీడ పడింది. "ఏమ్మా వరాలూ, పిల్లలు ఒళ్లు చేశారా?" నక్క గొంతులో తేనె కారుతోంది. "రేపే బారసాల పెట్టుకుందాం. భోజనం దగ్గర నేను మొహమాటపడేవాణ్ణి కాదు, తెలుసుగా! అందాకా ఈ తుమ్మ నీడలోనే కాస్త నడుం వాలుస్తాను, ఎక్కడికీ వెళ్లకండేం."

సింహాచలం గుమ్మం దగ్గర్నుంచి వెనక్కి జరిగాడు. "అమ్మమ్మగారూ, ఆయన మాట తీరు చూస్తే..."

"ఇప్పటికి తెల్లారిందా నాయనా నీకు! తప్పుకోండి, నేను తవ్వుతాను."

రెండు పోట్లకే ఆయాసం వచ్చేసింది. అరిగిన గోళ్లు ఆ గట్టిమట్టి మీద జారిపోతున్నాయి. పక్కన నిద్రపోతున్న పసికందుల్ని చూసి ముసలమ్మ పక్కకి తప్పుకుంది.

"వరాలూ, నువ్వే తవ్వాలే. నేను చెబుతాను."

వరాలు మొదలుపెట్టింది.

"ఎడమకి! ఎడమకంటే కుడికెళ్తావేం! గడ్డివేళ్లు తగిలి, మట్టి వెచ్చబడితే ఆపాలి. ఆపవే! ఆపమంటే..."

పెచ్చు కాస్తా ఊడి నెత్తిన పడింది. కన్నంలోకి ఎండ భళ్లున దిగింది.

"చెప్పానా! చెప్పానా! చేతులా అవి, చీపురుపుల్లలా!" మనవరాల్ని పక్కకి తోసేయబోయి నూకాలమ్మ తన గోళ్లకేసి చూసుకుంది. తన తోకే పటుక్కున కొరుక్కుంది. "సరే. ఇంకోటి తవ్వు. ఈసారి గట్టు అవతలికి."

ఈసారి ముసలమ్మ తక్కువ మాట్లాడింది. అది ఆవిడకి తవ్వడం కంటే కష్టమైంది. వేళ్లు తగలగానే వరాలు చెవి పెట్టి విని, మట్టి తడిమి, తనంతట తనే ఆగింది.

బయట నక్కకి మొదటి కన్నం కనబడనే కనబడింది. "ఓహో, ఇందాక లోపలికెళ్లిన ముసలిది దొడ్డిదారి తవ్వింది! అదీ ఆకాశానికి తెరిచిపెట్టింది. ఏడ్చినట్టుంది పనితనం!" అనుకుని, ఇక బారసాల దాకా ఆగడం దండగని గుమ్మానికి పెద్ద మట్టిగడ్డ అడ్డం దొర్లించింది. తెరిచిన కన్నం మీద నోరు పెట్టి కాళ్లతో నేల దబదబా బాదింది. బెదిరి పైకొస్తే తిన్నగా నోట్లోకే వస్తారని దాని లెక్క.

లోపల వరాలు తలతో ఒక్క పోటు పొడిచింది. పెచ్చు లేచింది. పిల్లల్ని నోట కరుచుకుని మొగుడూ పెళ్లాలు గట్టు అవతల తేలారు. నూకాలమ్మ ఆఖర్న మిగిలి, తవ్విపోసిన మట్టంతా వెనక్కాళ్లతో మొదటి కన్నంలోకి ఎగదన్ని మరీ కదిలింది.

"థూ! థూ!" అని నక్క కక్కుకుంటుంటే, గట్టు అవతలి కన్నంలోంచి ముసలమ్మ కేకేసింది. "భోజనం సరిపోయిందా నక్కబావా? మారు వడ్డించమంటావా?"

అందరూ పేటలోకి చేరాక వరాలు రొప్పుతూనే నవ్వింది. "చూశావా అమ్మమ్మా! నేను పాడుచేసిన కన్నమే దాన్ని ఏమార్చింది."

"చాల్లే సంబడం," అంది నూకాలమ్మ విసుగ్గానే. "పిల్లలకి కాస్త నడవడం రాగానే నా దగ్గరికి తోలు. ఎన్ని పెచ్చులు ఊడగొడతారో ఊడగొట్టనీ. నేను తోక కొరుక్కుంటూ కూర్చుంటాను."

నీతి: పాడుచేస్తారని పిల్లల చేతికివ్వని పనితనం పెద్దల చేతుల్లోనే పాడెక్కుతుంది.