మడుగు గుంట దగ్గర నక్క లెక్క

అడవి అంచున మనుషులు ఒక గోల్ఫ్ మైదానం వేశారు. సోమవారం దానికి సెలవు. ఆ ఒక్క రోజూ అది జంతువులది. కంచె లోపల ఎవరూ ఎవరినీ తినకూడదని అందరూ ఒట్టేసుకున్నారు. తక్కువ దెబ్బల్లో బంతిని గుంటలన్నిట్లో వేసినవాడిదే గెలుపు.

కుందేలు చెంగయ్యకి ఆ ఆటంటే ప్రాణం. వెనక్కాళ్లతో బంతిని తన్ని, అది మబ్బుల్లో తేలిపోతుంటే నోరు తెరుచుకుని చూస్తూ ఉండిపోయేవాడు. దాంతో సగం సార్లు అది ఎక్కడ పడిందో తెలిసేదే కాదు.

ఎండలు ముదిరేముందు అక్కడ పెద్ద పోటీ పెడతారు. గెలిచినవాళ్లకి, నీళ్లు చిమ్మే గొట్టం పక్కన, మిగతా రోజుల్లోనూ మనుషులు తొంగిచూడని పచ్చిక మూల వేసవంతా సొంతం. చెంగయ్య భార్య జాజి నిండు చూలాలు. కంచె బయట బండల నడుమ వాళ్ల బొరియ పెనంలా కాలిపోతోంది.

“ఏమయ్యా, పిల్లలు పుట్టేలోగా చల్లటి చోటేమైనా చూస్తావా? ఆకాశం చూస్తూనే ఉంటావా?”

“పొద్దున్నే ఆ నీటి తుంపర్లలో ఇంద్రధనుస్సు పడుతుంది జాజీ. దాని కింద నిన్ను కూర్చోబెడతాను.”

“ఇంద్రధనుస్సు తర్వాత సంగతి. ముందు నీడ చూడు!”

అందరూ ఒకేలా ఆడలేరు కదా. అందుకని తాబేలు డిప్పయ్య తాత పోటీకి ముందు నాలుగు వారాల ఆటలు చూసి ఒక్కొక్కరికీ హ్యాండిక్యాప్ కట్టేవాడు. అంతంతమాత్రంగా ఆడేవాళ్లకి పోటీనాడు కొన్ని దెబ్బలు మాఫీ. తాత మొత్తం మాత్రమే అడిగేవాడు. షరతు ఒక్కటే: ఒక గుంట దగ్గర ఎన్ని దెబ్బలు కొట్టినా, ఏడుకి మించినవి కత్తిరించి చెప్పాలి. ఆ కత్తిరింపు ఎవరిది వాళ్లే చేసుకోవాలి.

ఒకసారి చెంగయ్య ఇసుకలో ఇరుక్కుని పదిహేను దెబ్బలు కొట్టి కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. “ఏడే చెప్పు నాయనా,” అన్నాడు తాత. “ఒక్క చోట కాలు జారినంత మాత్రాన నీకు ఆటే రాదనుకుంటానా?”

పోటీ ముందు వారం చెంగయ్యకి నక్క భద్రయ్య జోడీగా పడ్డాడు. భద్రయ్య తోకతో కొడుతుంటే చెంగయ్య మైమరచిపోయాడు. ఎంత సొగసు! బంతి గాల్లో సున్నా చుట్టి గుంట పక్కనే వాలేది. కానీ మడుగు గుంట దగ్గరికి రాగానే, బుడుంగు! బంతి నీళ్లలో. తీసి మళ్లీ కొడితే మళ్లీ బుడుంగు!

“అటు పక్కగా కొట్టు మావా, నేల ఉంది.”

“వయసు మీద పడిందిరా అల్లుడూ. తోక వణుకుతోంది.”

ఇరవై మూడు దెబ్బలయ్యాక బంతి గుంటలో పడింది. తర్వాతి గుంటలో ఆ తోక వణకనేలేదు. చెట్టు మీద నెమళ్లు చూస్తున్నాయని రెండే దెబ్బల్లో ముగించి మీసం దువ్వుకున్నాడు.

సాయంత్రం భద్రయ్య తాత ముందు నిలబడి, మూలుగుతూ మొత్తం చెప్పాడు.

“అయ్యో, ఈ వారమూ అంతేనా?” తాత జాలిగా తలూపాడు. “సరేలే, నీకు బాగానే మాఫీ చేయాలి.”

చెంగయ్య మనసులోనే లెక్క వేసి చూశాడు. ఆ మొత్తంలో ఇరవై మూడూ ఉన్నాయి! నోరు తెరవబోతుంటే భద్రయ్య చెవి దగ్గరికొచ్చి నవ్వాడు.

“కంచె దాటాక ఒంటరిగా పోకు అల్లుడూ. రోజులు బాగాలేవు.”

చెంగయ్య ఒక అడుగు వెనక్కి వేశాడు. కానీ కాలే బొరియలో ఆయాసపడుతున్న జాజి కళ్లలో మెదిలింది.

“తాతా,” అన్నాడు కీచుగొంతుతో. “మడుగు గుంటలో ఎన్ని కలిపాడో అడుగు.”

అంతా అటు తిరిగారు.

“ఇరవై మూడు!” భద్రయ్య రొమ్ము విరుచుకున్నాడు. “కొట్టినవన్నీ చెప్పడం కూడా తప్పేనా? ఒక్కటి అబద్ధమైతే నా తోక కోసెయ్యండి!”

“ఒక్కటీ అబద్ధం కాదు,” అన్నాడు తాత. “కానీ నేనడిగింది ఎన్ని కొట్టావని కాదు, ఎంత బాగా ఆడగలవని. ఏడు ఉంచి మిగతావి తీసెయ్. వెనకటి వారాల్లోనూ మడుగు దగ్గర ఇలాగే కలిపావా?”

భద్రయ్య చెవులు వాలిపోయాయి. అన్ని వారాలవీ తీసి చూస్తే, అందరికంటే బాగా ఆడేది అతనేనని తేలింది. ఒక్క దెబ్బ కూడా మాఫీ లేదు. చెంగయ్యకి మాత్రం నాలుగొచ్చాయి. ఆ సాయంత్రం అతను ఒంటరిగా పోకుండా, ఆటకొచ్చిన ఏనుగమ్మ బొరియ దాకా తోడొచ్చింది.

పోటీనాడు భద్రయ్య కసిగా ఆడాడు, బాగా కూడా ఆడాడు. చెంగయ్య మూడు దెబ్బలు వెనకబడ్డాడు. నాలుగు తీసేసరికి ఒక్క దెబ్బ తేడాతో పచ్చిక మూల అతనిదైంది. ఆ పూటే ఏనుగమ్మ జాజిని వీపు మీద ఎక్కించుకుని కంచె లోపలికి తెచ్చి దించింది.

భద్రయ్య నాలుక వేలాడేసుకుని తాత దగ్గరికొచ్చాడు.

“తాతా, ఈ అవమానంతో నిజంగానే ఆట మర్చిపోయాను. వచ్చే ఏటికి నాలుగు దెబ్బలు ఇప్పించరాదూ?”

“దానికేం నాయనా,” అన్నాడు తాత, తల డిప్పలోకి లాక్కుంటూ. “ముందు ఆడి చూపించు. ఈసారి నీ పక్కనే కూర్చుని చూస్తాను.”

నీతి: చేతకానట్టు నటించి జాలి కొట్టేద్దామనుకున్నవాడికి, ఆఖరికి ఆ జాలీ దక్కదు, గెలుపూ దక్కదు.