గిజిగాడు వంచిన పేజీ

అనగనగా ఒక అడవిలో ఎవరి చేతిలో చూసినా ఫోనే. ఆ ఫోన్లలో వెబ్ పేజీలు చూపించడానికి ఏనుగు ఒక బ్రౌజర్, ఎలుగుబంటి ఒకటి, నక్క ఒకటి తయారుచేశాయి. ఏ పేజీ అయినా అన్నింట్లోనూ ఒకేలా కనిపించాలని మూడూ కలిసి నియమాలు రాసుకున్నాయి. సభ పెట్టి, ఒకదాని మెడలో ఒకటి దండలు కూడా వేసుకున్నాయి.

పోలయ్య అనే గిజిగాడు పేజీలు అల్లడంలో దిట్ట. వానాకాలం వస్తోందని, వాగు పొంగితే హెచ్చరించే పేజీ ఒకటి అల్లాడు. నియమాల ప్రకారమే అల్లాడు. నక్క బ్రౌజర్‌లో బాగుంది. ఎలుగు బ్రౌజర్‌లో బాగుంది. ఏనుగు బ్రౌజర్‌లో మాత్రం హెచ్చరిక తెర బయటికి జారిపోయింది.

పోలయ్య ఏనుగు దగ్గరికి వెళ్లాడు. "అయ్యా, తమరి బ్రౌజర్ నియమం తప్పుతోంది," అన్నాడు.

"ఆ నియమాలు రాసింది నేనేనోయ్!" అంది ఏనుగు. "రాసినవాడే పాటించాలంటే ఎలా? అడవిలో సగంమంది నా బ్రౌజరే వాడుతున్నారు. నీ పేజీయే మార్చుకో."

పోలయ్య ఎలుగునీ నక్కనీ సాయం అడిగాడు. "మా దాంట్లో బాగానే ఉందిగా," అని ఎలుగు ఆవలించింది. "మా బ్రౌజర్ కొత్త రంగులు చూశావా?" అంది నక్క.

పోలయ్యకి విసుగొచ్చింది. పేజీని ఏనుగు బ్రౌజర్‌కి సరిపోయేలా వంచేశాడు. దాంతో ఎలుగు బ్రౌజర్‌లో అది తెల్లగా, ఖాళీగా మిగిలింది. "అది వాడేది కుందేళ్లేగా, మార్చుకుంటాయిలే," అనుకున్నాడు. 'ఏనుగుగారి బ్రౌజర్‌లో మాత్రమే చూడగలరు' అని పేజీ కింద రాసి చేతులు దులుపుకున్నాడు. ఆ మాట కూడా ఎలుగు బ్రౌజర్‌లో కనిపించలేదు.

వాగు పొంగింది. సీతాలు అనే కుందేలు ఫోన్ తెరిచి చూసింది. తెల్ల పేజీ. "ఏమీ రాయలేదంటే భయం లేదన్నమాట," అని పిల్లల్ని పడుకోబెట్టింది. బొరియలోకి నీళ్లొచ్చాక గానీ తెలియలేదు. ఒక్కో పిల్లనీ నోట కరుచుకుని గట్టు మీదికి చేర్చింది. చివరి పిల్ల కోసం తిరిగి వెళ్తే, అక్కడ బొరియే లేదు.

ఏనుగు సంగతీ బాగోలేదు. ఆ ఉదయమే అది తన బ్రౌజర్‌ని కొత్తగా మార్చుకుంది. పోలయ్య వంచిన పేజీ అందులోనూ కనిపించడం మానేసింది. ఏనుగు పీకలదాకా బురదలో దిగబడి, "తప్పంతా పేజీ అల్లినవాడిదే!" అని ఘీంకరించింది.

వాన వెలిశాక సీతాలు పోలయ్య దగ్గరికి వచ్చింది.

"నాయనా, ఆ పేజీ మాకు కనిపించదని నీకు ముందే తెలుసా?"

పోలయ్య తల దించుకున్నాడు. "తెలుసమ్మా."

సీతాలు మిగిలిన పిల్లల్ని తీసుకుని వెళ్లిపోయింది.

పోలయ్య ఆ పేజీని విప్పేసి, నియమాల ప్రకారం మళ్లీ అల్లాడు. బురదలోంచి బయటపడ్డ ఏనుగు వచ్చి, "ఇది నా బ్రౌజర్‌లో సరిగ్గా రావడం లేదు!" అని గద్దించింది.

"అయ్యా, ఈసారి పేజీ వంగదు," అన్నాడు పోలయ్య. "తమరే వంగాలి."

ఏనుగు కోపంగా వెళ్లిపోయింది. తన బ్రౌజర్‌ని అడవిలో ఒక్కొక్కరే తీసిపారేస్తున్నారని తెలిశాక, నోరు మూసుకుని వంగింది.

నీతి: బలవంతుడి కోసం నియమాన్ని వంచితే, ఆ దెబ్బ ముందుగా బలహీనుడికే తగులుతుంది.