కోరయ్య దాచిన దెబ్బ

ఇప్పలకోన అడవిలో ఏనుగులు, జింకలు, అడవిపందులు, ముంగిసలు, కుందేళ్లు కలిసి ఉండేవి. ఆ ఏడు ఎండలు మండిపోయి వాగు ఎండింది. జింకపిల్లలు నాలుకలు బయటపెట్టి నీడన పడి ఉన్నాయి.

అడవికి పెద్ద గౌరమ్మ అనే ఏనుగు. వాగు ఇసుకలో చెలమ తవ్వి నీళ్లు తీయమని ఆమె కొందరికి పని అప్పగించింది. కోరయ్య అనే అడవిపందిని మేస్త్రీగా పెట్టింది. "ఎవరికి ఏ చిన్న దెబ్బ తగిలినా నాకు చెప్పాలి. ఎందుకు తగిలిందో నేను వచ్చి చూస్తాను" అని మరీ మరీ చెప్పింది.

కోరయ్య కష్టజీవే. కాకపోతే గొప్పలు ఎక్కువ. "నా చేతికింద పని చేసినవాళ్లకు ఇంతవరకు గీత కూడా పడలేదు" అని కనిపించినవాళ్లందరికీ చెప్పుకునేవాడు.

మూడో రోజుకు గుంట కోరయ్య తల మునిగేంత లోతయింది. అడుగున ఇసుక చల్లగా తగులుతోంది. అప్పుడు పడమటి గోడ నుంచి ఒక రాయి ఊడి, తవ్వుతున్న నరసి అనే ముంగిస ముందుకాలి మీద పడింది. చూస్తుండగానే కాలు వాచిపోయింది.

"మామా, గౌరమ్మకు చెబుదాం" అంది నరసి నొప్పి ఓర్చుకుంటూ.

"చెబితే పని ఆపిస్తుంది. నీళ్లు ఇంకో జానెడు లోతులో ఉన్నాయి. ఈలోగా జింకపిల్లలు చచ్చిపోతే ఆ పాపం నీదే. ఆకు చుట్టుకుని పని చూడు. ఎవరైనా అడిగితే ఆడుకుంటూ పడ్డానని చెప్పు" అన్నాడు కోరయ్య.

నరసి కాలికి ఆకు చుట్టుకుని మళ్లీ పనిలో పడింది.

మర్నాడు పొద్దున్నే గౌరమ్మ ఒడ్డు మీదకు వచ్చింది. "అందరూ బాగున్నారా?" అని అడిగింది.

"గీత కూడా పడలేదమ్మా" అన్నాడు కోరయ్య.

నరసి వాచిన కాలిని పొట్ట కిందకు లాక్కుంది. గౌరమ్మ వెనక్కి తిరిగింది.

నరసి స్నేహితురాలు దూది అనే కుందేలు గుంటలోకి దిగి, సరిగ్గా పడమటి గోడ కిందే తవ్వడం మొదలుపెట్టింది. రాయి ఊడిన చోటు నుంచి ఇసుక సన్నగా దాని వీపు మీద కారుతోంది. దూది దులుపుకుని మళ్లీ తవ్వుతోంది. నరసి పైనుంచి అది చూసింది. చెబితే నీళ్లు ఆలస్యమవుతాయి. చెప్పకపోతే దూది ఆ గోడ కిందే ఉంది.

"గౌరమ్మా, ఆగమ్మా" అని అరిచింది నరసి. "నిన్న నాకు దెబ్బ తగిలింది. ఆ గోడ నుంచే రాయి పడింది."

గౌరమ్మ గబగబా వచ్చి గోడ చూసింది. "దూదీ, పైకి రా. అందరూ దూరం జరగండి" అంది.

దూది ఒక్క గెంతులో బయటపడింది. కోరయ్యకు తల కొట్టేసినట్టయింది. "ఈ ముంగిసకు ఒళ్లు బద్ధకం, అందుకే ఈ సాకులు. జానెడే కదా, నేనే తవ్వుతాను" అంటూ, గౌరమ్మ వద్దంటున్నా వినకుండా గుంటలోకి దూకాడు.

పట్టుమని నాలుగుసార్లు కూడా తవ్వలేదు, గోడ మొత్తం కూలింది. మూతి తప్ప కోరయ్య కనిపించలేదు.

గౌరమ్మ తొండంతోనూ మిగతావాళ్లు గోళ్లతోనూ ఇసుక తోడారు. నరసి కుంటుతూనే తోడింది. చాలాసేపటికి కోరయ్యను బయటకు లాగారు. వెనక కాలు విరిగి వేలాడుతోంది.

"ఎక్కడ తగిలింది?" అని అడిగింది గౌరమ్మ.

అలవాటు కొద్దీ కోరయ్య నోట "గీత కూడా పడలేదమ్మా" అనే వచ్చింది. ఎవరూ నవ్వలేదు. కోరయ్య తల దించుకుని ఏడ్చాడు. "కాలు విరిగిందమ్మా" అన్నాడు.

గౌరమ్మ గుంటను వెడల్పు చేయించి, గోడలకు వెదురు కర్రలు దన్నుగా పెట్టించింది. దానికి ఒక్క పూటే పట్టింది. సాయంత్రానికి నీళ్లు ఊరాయి. జింకపిల్లలు కడుపునిండా తాగాయి. ఒక్కటీ చావలేదు.

ఆ రోజు నుంచి నరసే మేస్త్రీ. పనికి దిగేముందు ప్రతి ఒక్కరినీ పేరు పెట్టి పలకరించి, కాళ్లూ చేతులూ చూసేది. కోరయ్య కుంటుకుంటూ వచ్చి ఒడ్డున కూర్చునేవాడు. ఎవరైనా దెబ్బ దాచుకుంటే అందరికన్నా ముందు అతనే కేక వేసేవాడు.

నీతి: చిన్న దెబ్బను వెంటనే చెబితే పెద్ద ప్రమాదం తప్పుతుంది, పరువు కోసం దాచితే ప్రాణం మీదకు వస్తుంది.