పరంజ్యోతి గారి కుర్చీ

చినగార్లపాలెం సంఘంలో పరంజ్యోతి అనే పెద్ద ఉండేవాడు. కుర్చీలోంచి లేవకుండానే సంఘాన్నంతా నడిపించేయవచ్చని ఆయన గట్టి నమ్మకం.

చర్చిలో అందరూ చాపల మీద కూర్చుంటే సంఘపెద్దలు నలుగురూ ముందు కుర్చీల్లో కూర్చునేవారు. వాటిలో చేతులున్న కుర్చీ పరంజ్యోతి గారిది. ఎవరు ఆలస్యంగా వచ్చారో, ఎవరు కునుకు తీశారో, ఏ పిల్లాడు ఎవరిని గిల్లాడో అన్నీ అందులోంచే చూసేవాడు. కళ్లతోనే గదమాయించేవాడు. మనిషి చెడ్డవాడేం కాదు. ఎంత వాన కురిసినా ఒక్క ఆరాధన మానలేదు. కానీ ఆదివారం దాటితే ఎవరి గడపా తొక్కేవాడు కాదు. "ఏదన్నా ఉంటే వాళ్లే వచ్చి చెప్పుకుంటారు" అనేవాడు.

నెలకోసారి పట్నం నుంచి పాస్టరు గారు వచ్చి ప్రభువు బల్ల ఇచ్చేవారు. ఆ రోజు రొట్టె, ద్రాక్షరసం తీసుకోవడమంటే ఊళ్లో అందరికీ ప్రాణం. చాలా వారాలు ఆరాధనకు రానివాళ్లను పెద్దలు విచారించాలి, సరైన కారణం లేకపోతే బల్ల దగ్గర ఆపాలి అని సంఘంలో ఒక కట్టుబాటు ఉండేది. పరంజ్యోతికి ఆపడం బాగా గుర్తుండేది. విచారించడమే గుర్తుండేది కాదు.

దీనమ్మ మిరపకోతలకు వెళ్లే మనిషి. భర్త లారీ మీద ఊళ్లు తిరుగుతుంటాడు. ఆమె వేసవి నుంచి చర్చిలో కనిపించలేదు. ఒక బల్ల ఆదివారం మాత్రం ఆయాసపడుతూ వచ్చి, కొంగు తలమీదికి లాక్కుని వరసలో నిలబడింది. పరంజ్యోతి చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఏమ్మా, ఇన్నాళ్లకు గుర్తొచ్చామా? ఇయ్యాల నీకు బల్ల లేదు" అన్నాడు.

"అది కాదు పెద్దయ్యా, మా అత్త..."

"అత్త మీదికి నెట్టమాక. ఆరాధనకు సరిగ్గా రావడం నేర్చుకో ముందు."

అందరూ చూస్తున్నారు. దీనమ్మ వెనక్కి తిరిగింది. వాకిట్లో చెప్పులు వేసుకుని వెళ్లిపోయింది.

మధ్యాహ్నం పరంజ్యోతి ఇంట్లో భోజనానికి కూర్చున్న పాస్టరు గారు అడిగారు. "ఆ అమ్మాయి ఎందుకు రావడం లేదో కనుక్కున్నారా?"

"కనుక్కునేదేముందండీ? వాళ్ల అత్త రాహేలమ్మ జారిపడిందని విన్నాం. ప్రార్థనలో పేరు కూడా చెప్పించాను."

"చూడ్డానికి వెళ్లారా?"

"లేదండీ" అన్నాడు పరంజ్యోతి, చేతిలో ముద్ద పళ్లెంలో పెట్టేసి.

"నేను నెలకోసారి వచ్చేవాణ్ని. మిగతా రోజుల్లో వీళ్లకు దిక్కు మీరే. మిమ్మల్ని సంఘపెద్దగా ఎన్నుకున్నది అందుకే" అన్నారు పాస్టరు గారు.

పరంజ్యోతి చెయ్యి కడుక్కుని తిన్నగా దీనమ్మ ఇంటికి వెళ్లాడు. రాహేలమ్మ తుంటి విరిగి మంచంలో ఉంది. ఒకరు పట్టుకుంటే తప్ప పక్కకు తిరగలేదు. అయినా మనిషిని గుర్తుపట్టి నవ్వింది.

"పరంజ్యోతేనా? రా నాయనా. చిన్నప్పుడు ఆరాధనలో నిద్రొస్తే నా ఒళ్లోనే పడుకునేవాడివి. పొద్దున మా కోడలు నన్నొదిలి వెళ్లనంటే నేనే పోట్లాడి పంపించా. పక్కింటామె కాసేపు నా కాడ కూర్చుంది. నువ్వే దాన్ని ముందుకు పిలిచి బల్ల ఇప్పించావంటగా. చల్లగా ఉండు."

పరంజ్యోతి దీనమ్మ వైపు చూశాడు. ఆమె దుప్పటి పిండుతూ తల దించుకుంది. ముసలామె బాధపడుతుందని ఆ పిల్ల అబద్ధమాడింది. తనను నలుగురిలో చిన్నబుచ్చినవాడి పరువు కూడా కాపాడింది. పరంజ్యోతి సిగ్గుతో చితికిపోయాడు. చితికిపోవాల్సిందే మరి! ఇప్పుడు ఊ అంటే గొడవే లేదు. ఆయన ఊ అనలేదు.

"లేదు రాహేలత్తా. దీన్ని నేనే ఆపేశా. కారణం చెప్పబోతే విన్లేదు. తప్పు నాది."

రాహేలమ్మ కోడలి వైపు చూపించింది. "నాకెందుకు చెబుతున్నావు? దానికి చెప్పు" అంది.

దీనమ్మకు చేతులు జోడించి చెప్పాడు. తర్వాత పాస్టరు గారిని వెంటబెట్టుకొచ్చాడు. ఆ సాయంత్రం అత్తాకోడళ్లిద్దరూ మంచం దగ్గరే బల్ల తీసుకున్నారు.

పరంజ్యోతి అంతటితో ఊరుకోలేదు. మిగిలిన ముగ్గురు పెద్దలనూ కూర్చోబెట్టాడు.

"ఇకనుంచి ప్రతి ఆదివారం మనలో ఒకరం ఇంటామెను తీసుకుని వెళ్లి రాహేలమ్మ దగ్గరుండాలి. దీనమ్మ ఆరాధనకు రావాలి. వచ్చే బల్ల ఆదివారం వంతు నాది" అన్నాడు.

"బల్ల రోజు నీ కుర్చీ ఖాళీగా ఉంటే సంఘం ఏమనుకుంటుందయ్యా?" అన్నాడొక పెద్ద.

"ఖాళీగానే ఉండనీ. ఎందుకని అడిగినవాళ్లకు జరిగింది జరిగినట్టు చెప్పండి. నలుగురిలో ఆపాను, నలుగురికీ తెలియాలి."

ఆ ఆదివారం రానే వచ్చింది. దీనమ్మ ఆయాసం లేకుండా నడిచి వచ్చి బల్ల వరసలో అందరికంటే ముందు నిలబడింది. చేతులున్న కుర్చీ ఖాళీగా ఉంది. అదే సమయానికి పరంజ్యోతి రాహేలమ్మ మంచం పక్కన పీట మీద కూర్చుని, భార్యతో కలిసి కీర్తన పాడుతున్నాడు.

"రాగం తప్పావు. మళ్లీ మొదట్నుంచి పాడు" అంది రాహేలమ్మ.

సంఘపెద్ద బుద్ధిగా మళ్లీ మొదలుపెట్టాడు.

నీతి: సంఘాన్ని నడిపించాల్సిన పెద్ద, ముందుగా రాలేనివాళ్ల గడప దాకా తాను నడవాలి.