బీరువా అవతలి పాఠం

ఎవరైనా ధర్మసందేహం అడిగితే పేరిందేవమ్మ జవాబు చెప్పేది కాదు, చెప్పులు వేసుకునేది. యాభై ఏళ్లు హరికథలు చెప్పిన మనిషి. మాట ఎక్కడ ఖర్చుపెట్టాలో ఆవిడకి తెలుసు.

ఆ ఆదివారం అడిగింది శిష్యురాలు హైమవతి. వారమంతా బడిలో మూడో తరగతికి పాఠాలు చెప్పి, సెలవురోజున ఆవిడ దగ్గర హరికథ నేర్చుకుంటుంది.

"అమ్మా, గొంతు పూర్తిగా పోయేదాకా పాఠం చెప్పడం ధర్మమా, సెలవు పెట్టి పిల్లల్ని గాలికొదిలేయడం ధర్మమా?"

ఆ మాటలు కూడా గాలిగానే వచ్చాయి. పదిహేను రోజులు నోరు విప్పొద్దన్నాడు డాక్టరు. గొంతు మూలంగా ఈ ఏడు ఇప్పటికే పదకొండు రోజులు మానేసింది. ఇంకొక్కరోజు మానితే పైకి రాసేస్తానన్నాడు హెడ్మాస్టరు. విప్పితే గొంతు పోతుంది, విప్పకపోతే ఉద్యోగం.

మర్నాడు పేరిందేవమ్మ బడికొచ్చి, వెనక వరసలో పిల్లల పక్కన చతికిలబడింది. రేకుల షెడ్డు. మధ్యలో గోడకి బదులు రెండు బీరువాలు. ఇటు మూడో తరగతి, అటు అప్పలస్వామి మాస్టారి ఐదో తరగతి. హెడ్మాస్టరు దొరగారు గదిలోంచి కదలకుండా చెవితోనే తనిఖీ చేస్తారు: గొంతు వినపడితే పాఠం నడుస్తున్నట్టు, లేకపోతే జీతం దండగ. అందుకని అప్పలస్వామి గొంతు ఒక మెట్టెక్కితే హైమవతిది రెండెక్కేది. ఏడేళ్లుగా ఇదే కచేరీ.

మొక్క భాగాలు చెప్పి చెప్పి హైమవతి రొప్పుతూ ఆగింది.

"ఏమే పిల్లా, మీ టీచరు ఏం చెప్పింది?" పక్కనున్న పిల్లని అడిగింది పేరిందేవమ్మ.

"కృష్ణానది మహాబలేశ్వరంలో పుట్టిందని చెప్పారండి."

హైమవతి మొహం పాలిపోయింది. గొంతు చీల్చుకుని చెప్పిన మాట మూడో వరస కూడా దాటలేదన్నమాట! విసురుగా వెళ్లి బీరువా పక్కనుంచి తొంగిచూసింది. అప్పలస్వామి మెడకి మఫ్లరు, బుగ్గలో లవంగం.

"మీరు తగ్గితే నేనూ తగ్గుదామని చూస్తున్నానండీ మేడం," అన్నాడాయన. ఆ గొంతూ గరగరే.

హైమవతి సుద్దముక్క పడేసి కాగితం తీసుకుంది. పదిహేను రోజుల సెలవు కావాలని రాసింది. కింద, తిరిగొచ్చేసరికి రెండు తరగతుల మధ్య గోడ కావాలని రాసింది. గోడ అడిగిన వాక్యం పక్కన అప్పలస్వామి తనూ సంతకం పెట్టాడు.

రెండు గొంతులూ ఆగేసరికి హెడ్మాస్టరు పరుగెత్తుకొచ్చాడు. అప్పటికే రెండువైపులా పిల్లలు కప్పు లేపేస్తున్నారు. హైమవతి కాగితం చాపింది. ఆయన చదివి, తీసుకోకుండానే అన్నాడు:

"గొంతునొప్పి కూడా ఒక జబ్బేనా?"

"వినపడలేదు బాబూ," అంది పేరిందేవమ్మ.

ఆయన గొంతు పెంచాడు.

"ఆఁ? ఇంకాస్త."

ఈసారి నరాలు ఉబ్బేలా అరిచాడు. 'జబ్బేనా' దగ్గర గొంతు చీలి, దగ్గు ముంచుకొచ్చింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. హైమవతి చాపిన చెయ్యి దించలేదు. పైకి రాస్తే రాసుకోనీ, ఈ చెయ్యి మాత్రం దిగదనుకుంది. దగ్గుతూనే ఆయన సంతకం పెట్టడానికి జేబులో పెన్ను కోసం తడుముకున్నాడు.

పేరిందేవమ్మ పిల్లల దగ్గర నీళ్లసీసా తీసి ఆయనకి అందించింది.

"తాగండి బాబూ. ఇంకా ఒక్క వాక్యమే అయింది."